తుడిచి తెచ్చిన కారు

1936 తొలకరికి నన్ను తాడేపల్లిగూడెం షెడ్డు నుంచి ఏలూరు వర్క్‌షాపుకు హెడ్ మెకానిక్‌గా మార్చారు. చేరీ చేరగానే ఒక డాక్టరమ్మగారి కారు నా మెడకు చుట్టుకుంది. ఎండలో గుర్రంలా పరుగెత్తే ఆ బండి నాలుగు చినుకులు పడితే చాలు, దగ్గి, తుమ్మి, దారి మధ్యలో ఆగిపోయేది. మా షెడ్డుకు వచ్చేసరికి మాత్రం ఏ జబ్బూ లేనట్టు హ్యాండిల్ ఒక్కసారి తిప్పగానే స్టార్టయ్యేది. నా కోపం ఎవరి మీద చూపించాలి?

వానకు ఆగే కారులో ముందు చూడవలసింది డిస్ట్రిబ్యూటరు. కాయిల్ నుంచి వచ్చే కరెంటును ప్లగ్గులకు వంతులవారీగా పంచేది అదే. దాని మూత మీద తేమ చేరితే కరెంటు ప్లగ్గుకు పోకుండా పక్కకు జారిపోతుంది. మూత మార్చాను, వైర్లు మార్చాను, చివరికి కాయిల్ కూడా మార్చాను. వాన వచ్చింది, కారు ఆగింది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

ఆవిడకు కాన్పు పిలుపులు ఎక్కువగా కొల్లేటి వైపు నుంచే. గట్టు దాకా కారు, అక్కణ్ణుంచి పడవ. ఒక ముసురులో కారు మొండికేయగా ఆవిడ కొల్లేటికోట చేరేసరికి ఆలస్యమై బిడ్డ దక్కలేదు. ఇంకొక్కసారి ఆగితే అటువైపు కాన్పులు ఒప్పుకోనని మా మేనేజరుతో కచ్చితంగా చెప్పేశారు. ఆ ఊళ్లకు వెళ్లే డాక్టరు మరొకరు లేరు.

మళ్లీ ముసురు పట్టిన రోజున, పిలుపు వచ్చిందని తెలిసి, ఆవిడ డ్రైవరు సూరయ్య పక్కన నేనూ ఎక్కాను. ఊరు దాటగానే కారు ఆగింది. వెనక సీట్లో డాక్టరమ్మగారు గడియారం చూసుకున్నారు. సూరయ్య గొడుగు పట్టగా బానెట్ ఎత్తాను. డిస్ట్రిబ్యూటరు మూత నిండా పసుపు, దాని మీద కుంకుమ బొట్లు, అంతా తడిసి ముద్దయి ఉంది. పొడిగా ఉంటే ఏ హానీ చేయని ఆ పూత తడిస్తే కరెంటుకు దొడ్డిదారి.

షెడ్డులో ఇది నా కంట ఎందుకు పడలేదని అడిగాను.

"మీ దగ్గరికి తెచ్చేముందు శుభ్రంగా తుడిచేస్తానండి. మురికి బండి మీ చేతికిస్తే ఏం బాగుంటుందండీ?" అన్నాడు సూరయ్య.

రిపేరయి ఇంటికి చేరగానే, ఇక ఆగకూడదని, నిప్పు పుట్టే చోటు చూసి మరీ మళ్లీ పసుపు రాసేవాడట. నేను మూత మార్చిన కొద్దీ అతని భక్తి పెరిగిందన్నమాట. ఒళ్లు మండి చెడామడా తిట్టాను. తిట్టినంతసేపూ "ఆయ్, అలాగేనండి" అంటూ నాకే గొడుగు పట్టాడు.

మూత మీది పసుపు తీసి, పొడిగుడ్డతో తడి లేకుండా తుడిచాను. కారు కదిలింది. బొట్టు ఇకమీదట రేడియేటరుకు పెట్టుకోమన్నాను. ఆ పూట డాక్టరమ్మగారు వేళకు పడవ ఎక్కారు.

అప్పటి నుంచి రిటైరయ్యేదాకా కడిగి, తుడిచి తెచ్చిన బండిని నేను ముట్టుకోలేదు. ఆగిన చోట ఎలా ఉందో అలాగే తెమ్మనేవాణ్ణి. మర్యాద తెలిసిన డ్రైవర్లు నొచ్చుకున్నారు. ఏలూరులో నాకు మురికి మేస్త్రీ అని పేరు పడింది. పడితే పడింది. డాక్టరమ్మగారు కొల్లేటి కాన్పులు మానలేదు.