సిమ్ లేని ఫోన్‌కి చెరువు నుంచి వచ్చిన కాల్

దెయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు మొదటినుంచీ ఒళ్లు మంట. భీమవరంలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెబుతాను. టీవీ దానంతటదే ఆన్ అయిందని ఎవరైనా కళ్లు పెద్దవి చేసుకుని చెబితే, "ముందు రిమోట్ ఎవరి కింద ఉందో చూసుకోండి" అనే రకం నేను. మా ఆవిడ పిల్లలకు దిష్టి తీస్తుంటే కూడా పక్కన కూర్చుని వేళాకోళం చేసేవాణ్ణి.

ఇప్పటికీ నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు. కానీ కిందటేడు వానాకాలంలో ఒక మధ్యాహ్నం నా ఫోన్‌కి ఒక కాల్ వచ్చింది. దాని గురించి ఎవరు అడిగినా సమాధానం చెప్పలేకపోతున్నాను. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

మా అన్నయ్య రొయ్యల రైతు. భీమవరానికి బండి మీద అరగంట దూరంలో ఒక చెరువు కౌలుకు తీసుకుని చేసేవాడు. నాకు మొదటి మల్టీమీటర్ కొనిపెట్టింది ఆయనే. దాంతో నేను ఇంట్లో రేడియో విప్పి పాడుచేస్తే, నాన్న దగ్గర ఆ తప్పు తన మీద వేసుకున్నదీ ఆయనే.

కిందటేడు చెరువులో రొయ్య పిల్ల వదిలిన కొద్ది రోజులకే అన్నయ్యకు డెంగ్యూ వచ్చింది. భీమవరంలో తగ్గకపోతే రాజమండ్రి తీసుకెళ్లాం. అక్కడ మంచం మీద కూడా "మేత వేశారా? తిన్నాయో లేదో ట్రేలు ఎత్తి చూశారా?" అని అడుగుతూనే ఉన్నాడు. ఇంటికి తిరిగి రాలేదు. యాభై కూడా నిండలేదు మనిషికి.

దినాలు అయ్యాక చెరువు మాట వచ్చింది. పంట ఎవరికైనా అప్పగించేసి చేతులు దులుపుకోమని చుట్టాలందరూ చెప్పారు. వదిన ఒప్పుకోలేదు.

"ఇది ఆయన చేత్తో వదిలిన పిల్ల. వలలేసి పట్టుబడి చేసేదాకా నేను పెంచుతాను. ఆ తర్వాత చెరువు వదిలేద్దాం, అప్పటిదాకా ఎవరూ నాకేం చెప్పకండి" అంది.

వాళ్లకు సంతానం లేదు. ఆ మాట విన్నాక నేను కాదనలేకపోయాను. కాలేజీ అయ్యాక రోజూ చెరువుకి వెళ్లడం మొదలుపెట్టాను.

రొయ్యల చెరువు గురించి తెలియనివాళ్లకు ఒక ముక్క చెప్పాలి. నీళ్లలో ఆక్సిజన్ కోసం ఏరేటర్లు తిరుగుతూ ఉండాలి. అంటే నీటిని చిలికే చక్రాలన్నమాట. మబ్బు పట్టిన రోజున కరెంటు పోయి అవి ఆగాయంటే, వెంటనే జనరేటర్ వేయాలి. ఆలస్యమైతే నెలల కష్టం ఒక్క పూటలో తెల్లగా తేలిపోతుంది.

అందుకని అన్నయ్య షెడ్డులో ఒక అలారం బాక్సు పెట్టించుకున్నాడు. అందులో ఒక సిమ్, ఒక చిన్న బ్యాటరీ ఉంటాయి. కరెంటు పోగానే అది అన్నయ్య నంబరుకి ఫోన్ చేస్తుంది. ఎత్తితే బీప్ మని వినిపిస్తుంది, అంతే. దానికి మైకు లేదు. అది ఫోన్ చేసే నంబరు మార్చాలంటే అన్నయ్య పెట్టుకున్న కోడ్ కావాలి. ఆ కోడ్ ఆయనతోనే పోయింది. రీసెట్ చేద్దామంటే, అసలుకే పనిచేయడం మానేస్తుందేమోనని భయం. పంట మధ్యలో దాన్ని కదపదలచుకోలేదు.

దానికంటే తేలిక మార్గం ఒకటి కనిపించింది. అన్నయ్య ఫోన్‌లోంచి సిమ్ తీసి నా ఫోన్‌లో రెండో సిమ్‌గా వేసుకున్నాను. బాక్సు నంబరును "చెరువు" అని సేవ్ చేసుకున్నాను. కరెంటు పోయినప్పుడల్లా నాకు కాల్ వచ్చేది. నేను కాపలా ఉండే యేసుబాబుకి ఫోన్ చేసేవాణ్ణి. అతను జనరేటర్ వేసేవాడు.

అన్నయ్య సంగతి తెలియనివాళ్లు కూడా అప్పుడప్పుడు ఆ నంబరుకి చేసేవారు. "ఏమండీ, బాగున్నారా" అని నన్నే అన్నయ్య అనుకుని పలకరించేవారు. వాళ్లకు ప్రతిసారీ చెప్పాల్సి వచ్చేది. అయినా ఆ నంబరు పనిచేస్తోందంటే ఏదో ధైర్యంగా ఉండేది.

ఇలా ఉండగా ఒక ఉదయం ఫోన్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అడిగింది. ఎన్నాళ్లుగానో వాయిదా వేస్తున్నాను. ఆ రోజు సెలవు కదా అని సరే అని నొక్కాను. అది తాపీగా అప్‌డేట్ అయి, తాపీగా ఆన్ అయి, రెండో సిమ్ లేదని చూపించింది.

ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఎయిరోప్లేన్ మోడ్ పెట్టి తీశాను. ట్రే బయటికి లాగి, సిమ్‌ను మెత్తటి గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టాను. రెండు సిమ్‌లనూ ఒకదాని చోట ఒకటి మార్చి చూశాను. నెట్‌వర్క్ సెట్టింగ్స్ రీసెట్ చేస్తే ఇంట్లో వైఫై పాస్‌వర్డ్ పోయింది తప్ప సిమ్ రాలేదు. పిల్లలకు పాఠాలు చెప్పే నోటితోనే ఆ ఫోన్‌ను నానా తిట్లూ తిట్టాను.

ముందు జాగ్రత్తగా యేసుబాబుకి ఫోన్ చేశాను. బాక్సు కాల్ ఇవాళ నాకు రాదు, కనిపెట్టుకుని ఉండమని చెప్పాను.

"ఆయ్, నేనున్నాను కదండీ. కాస్త ఒళ్లు ఎచ్చగా ఉందండి, పర్లేదండి. మీరు పని సూసుకోండి" అన్నాడు.

వదినకు కూడా చెప్పాను. ఆవిడ చెరువు గురించి అడుగుతుందనుకుంటే, "ఆయన నంబరు పోతుందా?" అని అడిగింది. పోదని చెప్పాను.

బజారులో మాకు తెలిసిన రిపేరు షాపతను ఆ సిమ్‌ను మరో ఫోన్‌లో వేసి చూశాడు. అందులోనూ రాలేదు. ఎప్పటిదో పాత పెద్ద సిమ్‌ను అన్నయ్య కత్తెరతో చిన్నదిగా కత్తిరించుకున్నాడు. అంచు కూడా సరిగ్గా లేదు. చిప్ అరిగిపోయిందనీ, అప్‌డేట్‌కి ముందే అది కొనఊపిరితో ఉండి ఉంటుందనీ, డూప్లికేట్ తీసుకోక తప్పదనీ అతను చెప్పాడు. సిమ్‌ను చిన్న ప్లాస్టిక్ కవర్లో వేసి ఇచ్చాడు. దాన్ని నా పర్సులో పెట్టుకున్నాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

అక్కణ్ణుంచి మొబైల్ కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. కౌంటర్లో ఒక అమ్మాయి ఉంది. కంప్యూటర్లో అన్నయ్య పేరు చూసింది.

"ఓనర్ గారిని ఒకసారి తీసుకురండి సార్. వేలిముద్ర పడాలి."

"ఆయన రాలేరమ్మా" అన్నాను.

"ఊళ్లో లేరా సార్? వచ్చాకైనా పర్లేదు."

అప్పుడు చెప్పాను. ఆ పిల్ల లేచి నిలబడిపోయింది. "సారీ అండీ, సారీ" అని చాలాసార్లు అంది. డెత్ సర్టిఫికెట్టూ వదిన ఆధారూ తెస్తే నంబరు ఆవిడ పేరు మీదికి మార్చవచ్చనీ, కొన్ని రోజులు పడుతుందనీ చెప్పింది. తలూపి బయటికి వచ్చేశాను. వేలిముద్ర అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఆ వేళ్లు నేను రాజమండ్రి ఆసుపత్రిలో ఆఖరిసారి పట్టుకున్నవి.

బయట బాగా మబ్బు పట్టి ఉంది. వాన లేదు, గాలి లేదు. బండి తాళం తీస్తుంటే ఫోన్ మోగింది.

తెర మీద "చెరువు" అని ఉంది. పక్కన రెండో సిమ్‌కి వచ్చే గుర్తు ఉంది.

నమ్మండి, నమ్మకపోండి, ఆ క్షణంలో నాకు ఆశ్చర్యం కూడా కలగలేదు. అలవాటైన చెయ్యి, ఎత్తేశాను. బీప్ రాలేదు. నీళ్ల చప్పుడు వచ్చింది. ఏరేటర్లు తిరుగుతున్న చప్పుడు. చెరువుల మధ్య పెరిగినవాళ్లం, ఆ చప్పుడును పొరబడే ప్రసక్తి లేదు. ఒకటి కాదు, అన్నీ తిరుగుతున్నాయి.

"హలో, యేసుబాబూ" అన్నాను. జవాబు లేదు. మళ్లీ "హలో" అన్నాను. నీళ్ల చప్పుడే తప్ప మాట లేదు. కట్ చేసి, నా నంబరు నుంచి యేసుబాబుకి చేశాను. ఎత్తలేదు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. వెంటనే బండి చెరువు వైపు తిప్పాను. బండి ఎలా నడిపానో నాకే తెలియదు.

చెరువు దగ్గర బండి ఆపగానే ముందు తెలిసింది మా వైపు నిశ్శబ్దం. మా ఏరేటర్ ఒక్కటీ తిరగడం లేదు. గట్టు పొడవునా రొయ్యలు పైకి తేలి మీసాలు ఆడిస్తున్నాయి. యేసుబాబు షెడ్డులో నులక మంచం మీద ఒళ్లు కాలిపోతూ పడి ఉన్నాడు. లేపితే కళ్లు తెరవలేకపోయాడు.

జనరేటర్ వేశాను. ఏరేటర్లు ఒక్కొక్కటే అందుకున్నాయి. గట్టు మీద కూలబడి చూస్తూ కూర్చున్నాను. చాలాసేపటికి రొయ్య మళ్లీ కిందికి దిగింది. అంచుల్లో కొంత చచ్చింది. పంట మాత్రం నిలబడింది. ఇంకాస్త ఆలస్యమైతే ఏమీ మిగిలేది కాదని పక్క చెరువు రైతు వచ్చి చూసి చెప్పాడు.

కరెంటు ఎప్పుడు పోయిందని ఆయన్నే అడిగాను. నేను కంపెనీ ఆఫీసులో కూర్చుని ఉన్నప్పుడే పోయిందట. అంటే నాకు ఫోన్ వచ్చేసరికే మా ఏరేటర్లు ఆగిపోయి ఉన్నాయి. మరి నేను విన్నవి ఏవి?

నేను చదువుకున్న చదువు ఊరుకోనివ్వదు కదా. మర్నాడు బాక్సు విప్పి చూశాను. లోపల బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది. మీటర్ పెడితే చచ్చిపోయిందని చూపించింది. ఆ బ్యాటరీతో, కరెంటు లేనప్పుడు ఆ బాక్సు దీపం కూడా వెలిగించలేదు, ఇక ఫోన్ ఏం చేస్తుంది?

అన్నయ్య ఎప్పుడైనా కాల్ ఫార్వర్డింగ్ పెట్టుకున్నాడేమో కనుక్కున్నాను. లేదు. ఉన్నా ఆ కాల్ నా మొదటి సిమ్‌కి రావాలి. పక్క చెరువు జనరేటర్ మీద తిరుగుతున్న ఏరేటర్లే వినిపించి ఉంటాయంటే, వినడానికి మైకు ఏది? ఫోన్‌లో రెండో సిమ్ చోటు ఖాళీగా ఉంది. సిమ్ నా పర్సులో, ప్లాస్టిక్ కవర్లో ఉంది. కాల్ లిస్టులో మాత్రం "చెరువు" అని, రెండో సిమ్ గుర్తుతో సహా, కనిపిస్తోంది.

కాలేజీలో మా తోటి లెక్చరర్‌కి చూపించాను. "కొత్త అప్‌డేట్ కదండీ, బగ్ అయి ఉంటుంది" అన్నాడు. వేరే ఎవరికైనా ఇలా జరిగితే నేనూ అదే మాట అనేవాణ్ణి. కానీ చెరువు దగ్గర కరెంటు పోయిందని బగ్‌కి ఎలా తెలుస్తుంది?

నాకు ఫోన్ వచ్చిందని మాత్రమే వదినకు చెప్పాను. ఏం విన్నానో చెప్పలేదు. అసలే దుఃఖంలో ఉన్న మనిషి.

బాక్సులో బ్యాటరీ మార్చాను. యేసుబాబుకి జ్వరం తగ్గాక, తోడు మరో మనిషిని పెట్టాను. నంబరు వదిన పేరు మీదికి మారింది. ఆ తర్వాత పట్టుబడి దాకా ఏ ఇబ్బందీ రాలేదు. వలలు లాగినవాళ్లు రొయ్య సైజు చూసి మెచ్చుకున్నారు. ఐసు వేసి సరుకు ఎక్కించుకుని లారీ వెళ్లిపోయింది. చెరువులో బురద మిగిలింది.

వదిన షెడ్డు ముందు ఖాళీ మేత సంచుల మీద కూర్చుంది. పంట దక్కినందుకు సంతోషపడుతుందనుకున్నాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

"ఇంక ఆయన మొదలుపెట్టిన పని ఏదీ మిగల్లేదు రవీ" అంది.

నాకూ ఏడుపు ఆగలేదు. తర్వాత ఆవిడే అడిగింది.

"ఆ రోజు ఫోన్ వచ్చిందన్నావు కదా. ఏం వినపడింది? దాచకుండా చెప్పు."

ఇక దాచలేకపోయాను. ఏరేటర్ల చప్పుడు వినిపించిందనీ, ఎవరూ పలకలేదనీ చెప్పాను. ఆవిడ ఆశ్చర్యపోలేదు.

"ఫోన్ పెట్టేసింది ఎవరు?"

"నేనే వదినా. ఎవరూ మాట్లాడటం లేదు కదా అని."

ఆవిడ ఖాళీ చెరువు వైపు చూసింది.

"మీ అన్నయ్య చెరువులో ఉన్నప్పుడు నేను ఫోన్ చేస్తే అంతే. చేతులకి మేత అంటుకుని ఉండేదిగా. ఎత్తి, అలాగే జేబులో పడేసుకునేవారు. నాకు ఏరేటర్ల చప్పుడే వినపడేది. నేను పెట్టేసేదాన్ని కాదు. ఆ ట్రే పనేదో అయ్యాక, చేతులు కడుక్కుని, అప్పుడు తీసి మాట్లాడేవారు" అంది.

తర్వాత మెల్లగా, "కాసేపు ఆగాల్సింది రవీ" అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. అందుకే ఎక్కువ బాధేసింది. నాకు ఈ అలవాటు సంగతి తెలియదు. నేనెప్పుడూ ఆయన ఇంటికి వచ్చాకే ఫోన్ చేసేవాణ్ణి.

సిమ్ లేని ఫోన్ ఎలా మోగిందో, ఆగిపోయిన ఏరేటర్లు ఎలా వినిపించాయో నాకు ఇప్పటికీ తెలియదు. అది అన్నయ్య అని నేను అనడం లేదు. కాదని వదినతో అనే ధైర్యమూ నాకు లేదు. చెరువు వదిలేశాం. బాక్సు విప్పి తీసేశాం. ఆ తర్వాత ఆ పేరుతో మళ్లీ కాల్ రాలేదు, వచ్చే దారి కూడా లేదు.

ఒకవేళ వస్తే, ఈసారి మాత్రం నేను పెట్టేయను. ఆయన చేతులు కడుక్కునే దాకా ఆగుతాను.