సగటుకు దగ్గరైన ఏడాది

అమలాపురంలో మా సంగీత సభకి ఒక నియమం ఉంది. ఏటా జరిగే ఉత్సవాల్లో ముందు వరసలో నాలుగు పేము కుర్చీలు వేస్తారు. వాటిలో కూర్చునే నలుగురు విమర్శకులూ ప్రతి కచేరీకీ పదికి ఇన్నని మార్కులు వేసి, కింద పేరు రాసి, కాగితం మడిచి, ఇత్తడి చెంబులో పడేస్తారు. మరుసటి ఏడు ఎవరిని పిలవాలో ఆ నలుగురి సగటుని బట్టి తేలుతుంది; ఎనిమిదికి తగ్గితే పిలుపు ఉండదు. అయితే సగటు ఎంత తక్కువ వచ్చినా, నలుగురిలో ఏ ఒక్కరు తొమ్మిదికి తగ్గకుండా వేసినా, ఆ విద్వాంసుణ్ణి మరో ఏడు తప్పకుండా వినాలి. ఈ నియమం పెట్టింది మా తాతగారు. సభ కట్టిన స్థలం ఆయన ఇచ్చినది. ఇస్తూ పెట్టిన షరతు ఇదొక్కటే. ఊళ్ళో దీన్ని ఒంటిచెవి నియమం అంటారు, కొంచెం నవ్వుతూ.

ఇప్పుడు మా మేడ మాది కాదు. అందులో పెళ్ళిళ్ళు చేసుకుంటున్నారు. నేను కాలవగట్టు దగ్గర రెండు గదుల వాటాలో ఉంటూ, ఒక మాసపత్రికకి కచేరీల మీద సమీక్షలు రాస్తాను. ఆ పత్రిక ఎంతమంది చదువుతారని నేనెప్పుడూ అడగలేదు. మా ఇంటి పేరు ఈ ఊళ్ళో ఇంకా నిలిచి ఉన్న చోటు ఆ నాలుగు కుర్చీల్లో ఎడమ నుంచి మొదటిది. మా తాతగారు అందులోనే కూర్చునేవారు. తరవాత మా నాన్నగారు. తరవాత నేను. ఆ కుర్చీ కోసం నేను చేసిన ఒక పని గురించి రాస్తున్నాను.

సభ కార్యదర్శిగారు లెక్కల లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. నాలుగు కుర్చీల్లో ఒకటి ఆయనది. మంచి మనిషి, మృదుభాషి. ఆయన కొన్నేళ్ళ కిందట ఒక కొత్త పద్ధతి పెట్టారు. ఉత్సవాలయ్యాక మార్కులన్నీ కంప్యూటరులో ఎక్కించి, ఏ విమర్శకుడి మార్కులు సగటుకి ఎంత దగ్గరగా ఉన్నాయో, ఎంత దూరంగా ఉన్నాయో లెక్క కట్టి, వరసగా పేర్లు రాసి నోటీసు బోర్డు మీద అంటించేవారు. పైన ఉన్నవారికి శాలువా. మొదటి ఏడు నా పేరు అట్టడుగున ఉంది. రెండో ఏడూ అంతే.

"ఏటండీ మీకు పదిమందికి నచ్చేది నచ్చదా?" అన్నారాయన, కాఫీ గ్లాసు అందిస్తూ.

"నలుగురూ ఒకటే మాట అనాలంటే నాలుగు కుర్చీలెందుకండీ? ఒకటి చాలు కదా" అన్నాను.

"ఆయ్, నిజమేనండి. కాని ముగ్గురు ఒకటంటే, ఒక్కరే వేరేగా అంటున్నారనుకోండి. తప్పు ఎవరి వైపు ఉండడానికి వీలెక్కువండీ? లెక్క ప్రకారం చెప్పండి."

ఆయన నా కళ్ళలోకి చూడకుండా అన్నారు. "కమిటీలో కొందరు అడుగుతున్నారండి. వచ్చే ఏడు కూడా ఇలాగే ఉంటే ఆ కుర్చీలో ఇంకొకర్ని కూర్చోబెడదామని. నేనైతే వద్దనే అంటున్నాననుకోండి."

ఇంటికి నడిచి వచ్చాను. దారిలో పలకరించినవాళ్ళకి సమాధానం చెప్పానో లేదో గుర్తు లేదు. మేడ పోయినప్పుడు నేను తల వంచుకోలేదు. కొబ్బరితోటలు పోయినప్పుడూ వంచుకోలేదు. ఆ రోజు మాత్రం చెప్పుల వైపు చూసుకుంటూ నడిచాను.

మూడో ఏటి ఉత్సవాల్లో ఒక పొద్దుటి కచేరీ సన్నాయి విద్వాంసుడిది. రాజోలు వైపు మనిషి, నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. వాళ్ళ నాన్న మా గుమ్మంలో సన్నాయి వాయించినవాడు. కచేరీ ముందురోజు సాయంత్రం నన్ను వెతుక్కుంటూ మా వాటాకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"రేపు పొద్దున్న నాదేనండి, బాబుగారూ."

"తెలుసు. ఏం వాయిస్తావు?"

"సావేరి రాగమండి. మా నాన్న మీ తాతగారికి వాయించిన సావేరి. నా దగ్గర చెప్పుకోదగ్గది అదొక్కటేనండి." తువ్వాలు చేతిలో నలిపాడు. "పెళ్ళిళ్ళకి మమ్మల్ని పిలవడం మానేసేరండి. కీబోర్డు, పెద్ద పెద్ద బాక్సులు వచ్చేసేయి కదండీ. మళ్ళీ ఏడు సభలో పిలుపుంటే ఈ సన్నాయి పట్టుకుని ఉంటానండి. లేదంటే మా అల్లుడు రొయ్యల చెరువు మీద కాపలాకి రమ్మంటున్నాడు. మా ఇంటిది కూడా అదే పాట. 'చెరువైతే రోజూ ఉంటుంది, నీ సావేరి ఏడాదికోసారి కదా' అంటుందండి." నవ్వాడు. నవ్వి, "మీరున్నారు కదండీ" అన్నాడు.

నేను మాట ఇవ్వలేదు. మా ఇంట్లో ఎదటివాడికి మేలు చేస్తామని ముందుగా చెప్పుకునే అలవాటు లేదు. అతనికి అది తెలుసు కాబట్టి నా మౌనాన్ని మాటగానే తీసుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు ఎనిమిది గంటలకి మొదలుపెట్టాడు. హాల్లో సగం కుర్చీలు ఖాళీ. నా పక్కన కొత్తపేటలో వయొలిన్ నేర్పే టీచరుగారు, ఆ పక్కన కార్యదర్శిగారు, చివరి కుర్చీలో ఇంటర్నెట్‌లో కచేరీల మీద వీడియోలు పెట్టే ఒక యువకుడు. అతని వీడియోలు వేలమంది చూస్తారని కార్యదర్శిగారు నాకు రెండుసార్లు చెప్పారు.

సావేరిలో గాంధార స్వరం హార్మోనియం మెట్టు మీద నిలబడేది కాదు. అది కొద్దిగా కిందకి దిగి, అక్కడే ఊగాలి. చిన్నప్పుడు మా మేనత్త వీణ మీద గాంధారపు మెట్టు ముట్టుకోకుండా, దాని కింది మెట్టు మీదే తీగ లాగి ఆ చోటు చూపించేది. "ఇక్కడ, ఇక్కడ" అనేది. ఆ చోటు సరిగ్గా విని నాకు ముప్ఫై ఏళ్ళయింది. ఆ పొద్దున్న సన్నాయి ఆ చోటికి దిగింది. దిగి, తొందర లేకుండా అక్కడే ఉంది. నేను కుర్చీ చేతిని పట్టుకున్నాను.

యువకుడు ముందుకి వంగి ఫోను మా ముగ్గురికీ కనబడేలా పట్టుకున్నాడు. స్వరం ఎక్కడుందో చూపించే సాధనం ఏదో అందులో ఉంది. ముల్లు ఎరుపులో ఉంది.

"చూడండి సార్. గాంధారం తక్కువ పలుకుతోంది. ప్రతిసారీ తక్కువే" అన్నాడు మెల్లగా.

కార్యదర్శిగారు కళ్ళద్దాలు పైకి తోసుకుని చూసి, "అయ్యయ్యో, పెద్దవాడైపోయేడండి పాపం" అన్నారు. వేదిక మీంచి అతను ఆ ఫోను చూశాడు. వాయించడం మాత్రం ఆపలేదు.

టీచరుగారు తల వంచుకుని, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. నేనది చూశాను.

కాగితాలు ఇచ్చారు. నాకు తెలిసిన మార్కు తొమ్మిదిన్నర. కాని అప్పటికి నేను నాలుగు రోజులుగా ఇంకో విద్యలో పడి ఉన్నాను. పక్కవాళ్ళ ముఖాలు చూడడం, చప్పట్లు ఎంతసేపు మోగాయో గమనించడం, కార్యదర్శిగారు ఎన్ని వేస్తారు, యువకుడు ఎన్ని వేస్తాడని ఊహించి, ఆ మధ్యలో ఎక్కడో నా అంకె వేయడం. చాలా తేలిక. చెవి అక్కర్లేదు. ఇక్కడ ఆరో ఏడో సగటు వస్తుందని లెక్క వేసుకున్నాను. టీచరుగారి కొంగు గుర్తొచ్చింది. ఆవిడ తొమ్మిది వేస్తారు, తప్పకుండా వేస్తారు. ఒక్క తొమ్మిది చాలు కదా. అతనికి పిలుపు వస్తుంది, నాకు కుర్చీ ఉంటుంది. ఏడు అని రాసి, మడిచి, చెంబులో వేశాను.

ఆ మధ్యాహ్నం చెంబు బోర్లించి కాగితాలు విప్పారు. ఏడు, ఏడు, ఆరు, ఆరు. తొమ్మిది లేదు. అతని పేరు జాబితా లోంచి తీసేశారు.

వారం తిరక్కుండా నోటీసు బోర్డు మీద కాగితం పడింది. సగటుకి అందరికంటే దగ్గరగా ఉన్నది నేను. శాలువా కప్పారు. కప్పుతుంటే కార్యదర్శిగారు నిజంగా సంతోషించారు. "చెప్పేను కదండీ, మీ చెవి చెవే!" అన్నారు. ఫోటో తీశారు. అందులో నేను నిటారుగా నిలబడి ఉన్నాను.

రెండు నెలలకి కొత్తపేట బస్టాండులో టీచరుగారు కనిపించారు. బస్సు కోసం నిలబడి ఉండగా, ఆవిడే ఆ మాట ఎత్తారు.

"ఒకటి అడగనాండీ? ఏమీ అనుకోకండి. ఆ సావేరికి మీరు ఏడెలా వేసేరండీ?"

"మీరూ ఏడే కదా వేశారు."

"మీరున్నారని వేసేనండి!" అన్నారావిడ. చుట్టూ జనం చూశారు. గొంతు తగ్గించారు. "మీరు ఎలాగూ తొమ్మిది వేస్తారనుకున్నాను. ప్రతి ఏడూ ఎవరో ఒకరికి మీరే కదండీ వేస్తారు. నాకా, మా పిల్లల ప్రోగ్రాములకి సభ హాలు కావాలి. ఆ వీడియో అబ్బాయి వద్దన్నదానికి నేను తొమ్మిది వేస్తే రేపు నన్నూ ఆడిపోసుకుంటాడు. మీరు వేస్తారు, మీకేం భయం, మీది అలాంటి ఇల్లు అనుకున్నానండి." బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, "అలాంటి గాంధారం నేనింక వింటానో లేదోనండీ" అన్నారు.

నేను ఎక్కవలసిన బస్సు కూడా అదే. ఎక్కలేదు.

మర్నాడు కార్యదర్శిగారి ఇంటికి వెళ్ళి, నా మార్కు తప్పని, తొమ్మిదిన్నరగా దిద్దుకోమని అడిగాను.

"చెంబులో పడ్డాక మార్చడం కుదరదు కదండీ. మీ తాతగారి రోజుల నుంచీ అంతే" అన్నారు. తరవాత, నా మేలు కోరే గొంతుతో, "పైగా ఇప్పుడు మారిస్తే మీ స్థానం మళ్ళీ అడుగుకి పోతుందండి. నాలుగు రోజులు పోనివ్వండి" అన్నారు.

మా తాతగారు ఆ నియమం ఎందుకు పెట్టారో ఎవరూ నాకు చెప్పలేదు. ఆయన కూడా ఎప్పుడో నలుగురితో పాటు తల ఊపి ఉంటారని ఇప్పుడనుకుంటాను. అయితే ప్రతి కుర్చీ పక్క కుర్చీని నమ్ముకుని ఊరుకుంటుందని ఆయనకి తోచలేదు.

అతన్ని చూడడానికి వెళ్ళడానికి నాకు మరో ఆరు నెలలు పట్టింది. మురమళ్ళ దాటాక చెరువుల మధ్య మట్టిదారి. నాలుగు వైపులా నీళ్ళు, నీళ్ళని చిలికే చక్రాల రొద, రొయ్యల మేత వాసన. గట్టు మీద రేకుల పాక. నన్ను చూసి పరుగున వచ్చాడు.

"బాబుగారా! ఇంత దూరం మీరెందుకొచ్చేరండీ? కబురెడితే నేనే వద్దును కదండీ!" ప్లాస్టిక్ కుర్చీని తువ్వాలుతో రెండుసార్లు తుడిచి వేశాడు. తను గట్టు మీద గొంతుక్కూర్చున్నాడు. చిక్కిపోయాడు. ఉప్పుగాలికి ముఖం నల్లబడింది.

"సన్నాయి ఉందా?"

"ఉందండి, ఉందండి. మానలేదు. పిట్టల్ని తోలడం, మేత వెయ్యడం, మధ్యలో ఇదే పనండి." లోపలికి వెళ్ళి గుడ్డలో చుట్టిన సన్నాయి తెచ్చాడు. రెండో చేతిలో ఫోను. "గాంధారం బాగు చేసుకున్నానండి. ఆ రోజు ఆ అబ్బాయిగారు చూపిస్తుంటే చూసేను కదండీ, అలాంటిదే మా అల్లుడు ఇందులో ఎక్కించి ఇచ్చేడు. ఆకుపచ్చ వెలగాలండి. మొదట్లో అస్సలు వెలిగేది కాదు. వినండి."

ఫోను ఒక మేత బస్తాకి ఆనించి నిలబెట్టి వాయించాడు. ఆకుపచ్చ వెలిగింది. గాంధారం మెట్టు మీద మేకు దిగ్గొట్టినట్టు నిలబడింది. అందులో సావేరి లేదు.

"ఆపు" అన్నాను. "నీ పాత గాంధారమే సరైనది. ఆ రోజు సరిగ్గా వాయించావు."

"అలాగంటారేటండీ?"

"నాకు తెలుసు. ఆ కుర్చీలో కూర్చున్నప్పుడే తెలుసు."

"మరి నలుగురూ ఒకటే మాటన్నారు కదండీ. ముగ్గురి సంగతీ వదిలెయ్యండి. మీరూ ఏడే వేసేరని కార్యదర్శిగారు చెప్పేరు. అప్పుడే అనుకున్నాను, బాబుగారికి కూడా తక్కువ వినిపించిందంటే నాదే తప్పని. మీ ఇంటి చెవి నాకు తెలవదాండీ?"

"తెలిసే వేశాను. కుర్చీ పోతుందని వేశాను."

జీవితంలో అంత కష్టమైన మాట నేను ఇంకొకటి అనలేదు. అతను నన్ను చూసి, మెల్లగా నవ్వాడు. పెద్దవాళ్ళు ఏదో దయతలచి అబద్ధమాడితే చిన్నవాళ్ళు నవ్వే నవ్వు.

"ఊరుకోండి బాబుగారూ. ఈ చెరువు మీద నన్ను చూసి మీకు మనసాగక అంటున్నారు. మీ ఇంట్లోవాళ్ళు అలాంటి పని చెయ్యరండి."

నేను మళ్ళీ చెప్పాను. కింది మెట్టు మీద తీగ లాగి మా మేనత్త చూపించిన చోటు పాడి వినిపించబోయాను. చక్రాల రొదలో నా గొంతు నాకే వినబడలేదు. అతను మర్యాదగా, "ఆయ్, ఆయ్" అన్నాడు. తరవాత ఫోను సరి చేసి పెట్టుకుని మళ్ళీ మొదలుపెట్టాడు.

ఆకుపచ్చ వెలిగినప్పుడల్లా వాయిస్తూనే నా వైపు చూశాడు. నేను తల ఊపలేదు. ఇంకా కుదరలేదు కాబోలనుకుని, అతను మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకున్నాడు.