ఒకటిన్నరకు పడే గీత

లాక్‌డౌన్‌లో, తెలుగు నేతగాళ్లు వలసొచ్చి బతికే లింబాయత్‌లో మగ్గాలన్నీ ఆగిపోయినా పరమేశ్వర్ పని మాత్రం ఆగలేదు. చీరల టోకు వ్యాపారి ఒకాయన దుకాణానికి షట్టర్ దించి, అమ్మకమంతా అప్పటికే ఉన్న వెబ్‌సైటులోకి మార్చాడు. ఆ సైటు చూసుకునేది పరమేశ్వరే. "పరమేశ్‌భాయ్ ఉండగా సైట్ పడదు" అని సేఠ్ ప్రతి వీడియో కాల్‌లోనూ అనేవాడు. ఆ ఒక్క మాట కోసం పరమేశ్వర్ ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ ఫోన్ ముందు కూర్చునేవాడు.

నిజానికి పొద్దున్నుంచీ సర్వర్ మెమరీ నిండుతూనే ఉండేది. ఎందుకో ఆయనకు అంతుబట్టలేదు. అది కూలకముందే, మధ్యాహ్నం ఒకటిన్నరకు, కొనేవాళ్లు భోజనాల దగ్గరుండగా సర్వర్ ఆపి మళ్లీ నడిపేవాడు. దాంతో మెమరీ ఖాళీ అయ్యేది. ఎవరికీ చెప్పలేదు.

రెండో వేవ్ తగ్గాక సైటు పనిలో హారతి కూడా చేరింది. ఊరి బయట జోల్వాలో మగ్గం నడిపే నర్సింగం కూతురు. ఆ సంగతి మొదటి కాల్‌లోనే సేఠ్‌కు నవ్వుతూ చెప్పేసింది. పరమేశ్వర్‌కు ఒళ్లు మండింది. ఆయన తండ్రిదీ మగ్గమే. పదిహేనేళ్లుగా ఆఫీసులో ఒక్కరికి తెలియనిస్తేనా!

పన్నెండు దాటితే సైట్ నత్తలా నడుస్తోందని కొనేవాళ్లు గొణిగితే, సేఠ్ ఆ పని హారతికి అప్పగించాడు.

"అన్నా, ఓ వారం సర్వర్‌ను ఎవ్వరం ముట్టొద్దు. ఎట్ల నిండుతదో సూడాలె," అందామె.

సరేనన్నాడు. మర్నాడు ఒకటిన్నరకు చెయ్యి ఊరుకోలేదు. ఆ మర్నాడూ అంతే. పట్టుకోనీ, చూద్దాం అనుకున్నాడు.

"ఏందయ్యా, అన్నం ముందట కూసొని గా పొల్ల పేరే తీస్తున్నవ్?" అంది భార్య పద్మారాణి. "నువ్వు జర ఊకో," అన్నాడు.

ఐదో రోజు హారతి ఫోన్ చేసింది.

"అన్నా, బట్టల మచ్చలు పడితే మా బాపు ఏంజేస్తడో ఎరుకేనా? మచ్చకూ మచ్చకూ నడుమ ఎన్ని అంగుళాలో కొలుస్తడు. గంత చుట్టుకొలత ఏ రోలర్‌కుంటే తప్పు దాంట్లనే."

ఎరుకే. చిన్నప్పుడు తండ్రి పక్కన టేపు పట్టుకున్నది ఆయనే.

"గ్రాఫుల మెమరీ గీత దినాం ఒకటిన్నరకే కిందికి పడుతున్నది. గిది సర్వర్ పని కాదన్నా, మనిషి పని. సేఠ్‌కు చెప్పలే. రేపొక్క రోజు ఆగుండ్రి."

ఆమె సేఠ్‌కు చెప్పేసినా పరమేశ్వర్‌కు ఇంతగా మండేది కాదు.

మర్నాడు చేతులు కట్టుకుని కూర్చున్నాడు. రెండూ నలభైకి సైట్ కూలింది. కూలేదాకా మెమరీ ఎలా నిండిందో హారతికి మొత్తం దొరికింది. ఆ తర్వాత ఒకే చీర పేజీని ఏడుసార్లు తెరిచి మూసి చూసింది. మెమరీలో ఆ చీర ఫొటోలు ఏడు మిగిలాయి. పేజీ మూసినా ఫొటోను వదలని లైను ఒకటుంది. రాసింది పరమేశ్వరే, నాలుగేళ్ల కింద. ఆమె దాన్ని సరిచేసింది, ఎవరు రాశారన్నది ఎత్తలేదు.

"హారతిబెన్ ఉండగా సైట్ పడదు," అన్నాడు సేఠ్, తర్వాతి కాల్‌లో.

ఆ మధ్యాహ్నం ఒకటిన్నరకు గీత నిలువునా పడలేదు, మెల్లగా సాగిపోయింది. పరమేశ్వర్ ఒక చీర తెరిచాడు, మూశాడు. ఏడుసార్లు. మెమరీలో వెతికాడు. ఒక్క ఫొటో కూడా లేదు.

"అన్నం సల్లారుతాంది," పద్మారాణి పిలిచింది.

ఒక్కటన్నా మిగలకపోతుందా అని, ఇంకో చీర తెరిచాడు.