పరుపుల బాబాయ్, గంటమ్మ

పరుపులు అమ్మడమంటే ఏముంది, నాలుగు మాటలు చెప్పి నలుగురిని పడుకోబెట్టడమే కదా అనుకుంటారు చాలామంది. అలా అనుకుని ఈ పనిలోకి దిగిన కుర్రాళ్ళను బాబాయ్ చాలామందినే చూశాడు. రెండో నెలకల్లా వాళ్ళు వేరే ఉద్యోగాలు చూసుకునేవారు.

బాబాయ్ నిజానికి ఎవరికీ బాబాయ్ కాడు. ఆయనకు అన్నదమ్ములే లేరు. పరుపుల కంపెనీలో అందరికంటే ముందు చేరి, అందరికంటే ముందు జుట్టు పోగొట్టుకున్నందుకు ఆఫీసంతా కలిసి ఆయనకు ఆ వరస కట్టబెట్టింది. పరుపు ముక్కలున్న సంచీ భుజాన వేసుకుని ఇళ్ళకు వెళ్ళడం ఆయన పని. వెళ్ళి, పడకగది కొలిచి, ముక్కలు మంచం మీద పరిచి, ఇంటాయన్ను బతిమాలి వాటి మీద పడుకోబెట్టి, పక్కన కూర్చుని ఏమీ మాట్లాడకుండా తల ఊపేవాడు. ఆ తల ఊపడంలోనే ఉంది కిటుకంతా. పడుకున్న మనిషి తన నడుం నొప్పి గురించి తనే చెప్పుకుని, తనే ఒప్పుకుని, తనే కొనేవాడు.

అంతవరకూ బాగానే ఉంది. కానీ ఆ ఇళ్ళు బాబాయ్‌కి ఎవరు చూపించేవారు? గంటమ్మ. ఆమె ఒక రాత్రంతా బస్సులో కూర్చుంటే గానీ రానంత దూరపు ఊళ్ళో ఉంటుంది. ఇంట్లోనే కుట్టుమిషన్ పక్కన కుర్చీ వేసుకుని, చెవికి ఫోన్ తగిలించుకుని, ముక్కూ మొహం తెలియని వాళ్ళకు పొద్దుటినుంచీ ఫోన్లు చేస్తుంది. గంట కొట్టినట్టు ఖంగుమనే గొంతు కాబట్టి గంటమ్మ అయింది. మాటల్లో పెట్టి, ఒప్పించి, ఆ ఇంటి అడ్రసు బాబాయ్‌కి పంపేది. "బాబాయ్, ఆయన కబుర్లు చెప్తాడు గానీ ఆ ఇంట్లో చెల్లేది ఆవిడ మాటే. ఆవిడనే చూసుకోండి," అని ముందే చెప్పేది. వెళ్ళి చూస్తే అక్షరాలా అంతే. మూడేళ్ళుగా ఈ జోడీ కంపెనీలో అందరికంటే ఎక్కువ పరుపులు అమ్మింది. ఇద్దరూ ఒకరినొకరు ఎదురుగా చూసుకున్నది మాత్రం లేదు.

మిగతా వాళ్ళది వేరే కథ. బయట తిరిగేవాళ్ళ దృష్టిలో, ఇంటినుంచి పనిచేసేవాళ్ళంటే కంపెనీ పరుపు మీద పడుకుని కంపెనీ జీతం తీసుకునేవాళ్ళు. ఇంట్లో ఉన్నవాళ్ళ లెక్కలో, బయట తిరిగేవాళ్ళంటే ఊళ్ళో టీ కొట్లన్నిటికీ పోషకులు. మండుటెండలో కూడా టై విప్పని కుర్రాడు ఒకడున్నాడు. వాడి పేరే టై. మీటింగుల్లో ఎప్పుడూ మొహం చూపించని ఇంటి మనిషి ఒకడున్నాడు. దుప్పటి కప్పుకునే వింటాడని వాడికి దుప్పటి అని పేరు పెట్టారు. ఒక సోమవారం వీళ్ళిద్దరూ వీడియో మీటింగులో అందరి ముందూ తగులుకున్నారు.

"నువ్వు పంపిన ఇంట్లో మంచమే లేదు! చాపల మీద పడుకుంటారు వాళ్ళు!" అన్నాడు టై.

"మంచం లేకపోతే పరుపు మరీ అవసరం కదా. ఆ మాత్రం అమ్మలేకపోయావా?" అన్నాడు దుప్పటి.

మేనేజరు చిన్నవాడే గానీ కోపం పెద్దది. "శుక్రవారం దాకా టైమిస్తున్నా. మీరంతా ఒక టీమ్ అని నాకు అనిపించాలి. లేదంటే ఇంటినుంచి పని ఎత్తేస్తా. అందరూ రోజూ ఇక్కడికే రావాలి," అని తేల్చేశాడు. "బాబాయ్ గారూ, మీరు పెద్దవాళ్ళు. ఏవో టీమ్ బిల్డింగ్ ఆటలుంటాయట, ఆడించండి," అని ఆ బరువు తీసుకొచ్చి ఆయన నెత్తిన పెట్టాడు.

మీటింగ్ అయిన మరుక్షణం గంటమ్మ ఫోన్. "బాబాయ్, మా ఆయన సైకిల్ షాపు ఇక్కడ, పిల్ల బడి ఇక్కడ. నేను ఎక్కడికీ రాలేను. ఆ మాట నిజమైతే మానేయడమే." ఖంగుమనే గొంతు కాస్తా ఆ రోజు లోపలికి పోయింది. "నేనున్నా కదా తల్లీ," అనేశాడు బాబాయ్. ఏం చేస్తాడో ఆయనకే తెలియదు.

"మీరా, ఆటలా?" అంది భార్య. "ఇంట్లో ఇద్దరు పిల్లల్ని ఒక గదిలో కొట్టుకోకుండా కూర్చోబెట్టలేరు."

అయినా బాబాయ్ వెనక్కి తగ్గలేదు. కొడుకు చేత ఫోన్లో వెతికించి ఒక ఆట పట్టాడు. ఇంట్లో మీకు ఇష్టమైన వస్తువు తెచ్చి చూపించండి, దాని గురించి రెండు ముక్కలు చెప్పండి. మనసులు దగ్గరవుతాయట. మనుషులకైతే అయ్యేవేమో. వీళ్ళు సేల్స్ వాళ్ళు. ఒక రాత్రి అందరూ ఇళ్ళనుంచే వీడియో మీటింగులో కూర్చుంటే, టై తన నీళ్ళ కూజా తెచ్చాడు, అది వాళ్ళ అమ్మమ్మదని మొదలెట్టాడు, రెండో వాక్యానికే "ఇలాంటి పనితనం మీకు బయట దొరకదు" అన్నాడు. "గ్యారంటీ ఎన్నాళ్ళు?" అని దుప్పటి అడిగాడు. అంతే, మీటింగ్ సంత అయిపోయింది. గంటమ్మ కుట్టుమిషన్‌కి ముగ్గురు గిరాకీలొచ్చారు. బాబాయ్ సంగతి చెప్పనే అక్కర్లేదు. భార్య కూర్చునే పేము కుర్చీ తెచ్చి, తట్టి చూపించి, ఊపులో పడి "ఇవాళే తీసుకెళ్ళిపోండి" అనేశాడు.

"నేనెక్కడ కూర్చోవాలి?" అని వెనకనుంచి వినిపించింది.

ఆట చివరికి కూజా ధర దగ్గర పాత గొడవే మళ్ళీ రాజుకుంది. బాబాయ్ లాప్‌టాప్ మూసి తల పట్టుకున్నాడు.

భార్య ముందు కుర్చీ స్వాధీనం చేసుకుంది, తర్వాత అంది. "ఏవండీ, వాళ్ళకి ఆటలెందుకు? ఒకరి పని ఒకరికివ్వండి. ఒక్క పూట చేస్తే నోళ్ళు వాటంతటవే మూతపడతాయి."

ఈ బుర్ర ఇంట్లో ఉండగా బాబాయ్ ఫోన్లో వెతికించాడు!

శుక్రవారం పొద్దున పనులు తారుమారయ్యాయి. ఇంటివాళ్ళకు కొరియర్‌లో పరుపు ముక్కల సంచీలు, వాళ్ళ ఊళ్ళోనే వెళ్ళాల్సిన ఇళ్ళ అడ్రసులు వెళ్ళాయి, బయటివాళ్ళు ఆఫీసులో ఫోన్ల ముందు కూర్చున్నారు. మేనేజరు అన్నీ వింటూ, తెర మీద అందరినీ చూస్తూ అదే గదిలో కూర్చున్నాడు.

బాబాయ్ మొదటి నంబరు నొక్కాడు. ఎవరో పెద్దాయన ఎత్తి, నడుం నొప్పి గురించి మొదలెట్టాడు. బాబాయ్ అలవాటు ప్రకారం ఏమీ మాట్లాడకుండా తల ఊపాడు. ఎంతో ఆప్యాయంగా ఊపాడు. అవతలాయన "హలో? హలో?" అని పెట్టేశాడు. రెండో ఆవిడతో "ఇదిగో, ఇక్కడ చెయ్యిపెట్టి నొక్కి చూడండి," అంటూ బల్ల మీద పరుపు ముక్కను నొక్కి చూపించాడు. "ఎక్కడ పెట్టాలయ్యా? ఎవరు నువ్వసలు?" అని ఆవిడ కేకలేసింది. తర్వాతి నాలుగు నంబర్లలో ఆయన జన్మలో పడనన్ని మాటలు పడ్డాడు. పక్కన టై మెడలోంచి టై తీసి జేబులో పెట్టుకున్నాడు. "బాబాయ్, ఈ తిట్లు వాళ్ళు రోజూ తింటున్నారా?" అన్నాడు. మూడేళ్ళుగా గంటమ్మ ఇవన్నీ తనలో దాచుకుని, బాబాయ్‌కి తియ్యటి అడ్రసులే పంపింది. ఆయనకు సిగ్గేసింది.

అదే సమయానికి తెర మీద గంటమ్మ. వాళ్ళాయన ఫోన్ పట్టుకుని చూపిస్తున్నాడు. ఒక ఇంట్లో ముసలి దంపతుల ముందు, సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. గొంతు ఖంగుమంటోంది గానీ, చూపు మాత్రం కిటికీ వైపుంది. మనుషుల మొహాలు చూస్తూ మాట్లాడటం ఆమెకు అలవాటు లేదు. ముసలావిడ ధర అడిగింది. గంటమ్మ కాగితం వెతుక్కుంటూ ఎదురుగా కూర్చున్న మనిషితో, "ఒక్క నిమిషం, లైన్లోనే ఉండండి మేడమ్," అంది.

ముసలావిడ కుర్చీలోంచి కదలకుండా, "ఉన్నానమ్మా," అంది.

ఆఫీసు గొల్లుమంది. మేనేజరు కూడా నవ్వాడు. గంటమ్మ ముందు బిత్తరపోయి, తర్వాత తనూ పగలబడి నవ్వింది. ఆ నవ్వుతోనే ముసలావిడ మొహంలోకి మొదటిసారి చూసింది. ఆ తర్వాత ఆమె ఏమీ మాట్లాడలేదు. పరుపు ముక్కలు మంచం మీద పరిచింది, ముసలాయన్ను పడుకోబెట్టింది, పక్కన కూర్చుని తల ఊపింది. ఆయన తన నడుం నొప్పి తనే చెప్పుకుని, తనే కొన్నాడు. బాబాయ్ కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. దుప్పటి ఎక్కడో ఎవరిదో మేడ మెట్లు సంచీతో ఎక్కి రొప్పుతూ, "టై, నీకు దండంరా నాయనా," అన్నాడు. అప్పుడు అందరూ చూశారు వాడి మొహం. చక్కటి మొహమే.

సాయంత్రం మేనేజరు అందరినీ తెర ముందుకు పిలిచాడు. "ఎవరూ ఇక్కడికి రానక్కర్లేదు," అన్నాడు. చప్పట్లు. "ఇవాళ నాకు ఇంకోటి కూడా అర్థమైంది. ఫోన్‌కి ఒకరు, ఇంటికి ఒకరు ఎందుకు? ఎవరి ఊళ్ళో వాళ్ళే రెండూ చేసుకోండి. సోమవారం నుంచి జోడీలు లేవు." దానికీ చప్పట్లు కొట్టారు. బాబాయ్ కూడా కొట్టాడు, అందరితో పాటు.

ఇంటికొచ్చి సంచీ మూల పెట్టి కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి ఉద్యోగం నిలబడిందిగా? మరి ఆ మొహమేంటి?" అంది భార్య.

"ఉద్యోగం నిలబడింది. మనిషే నా దగ్గర్నుంచి పోయింది," అన్నాడు.

భార్య బల్ల మీదున్న ఫోన్ తీసి ఆయన చేతిలో పెట్టి వంటగదిలోకి వెళ్ళింది.

గంటమ్మ వెంటనే ఎత్తింది. "చెప్పండి బాబాయ్! కస్టమర్ ఎవరు?"

"ఎవరూ లేరమ్మా. ఊరికే చేశాను."

వాళ్ళిద్దరి మధ్య ఈ మూడేళ్ళలో కస్టమర్ లేని ఫోన్ ఇదే మొదటిది.

"ఊరికేనా," అంది గంటమ్మ. "అయితే ఉండండి బాబాయ్, కుర్చీ లాక్కుంటా."