లాండ్‌మాస్టర్ ఎర్ర సీట్లు

చందానగర్‌లో ముంబై రోడ్డు పక్కన, కార్లకు సీటు కవర్లు కుట్టే దుకాణంలో అంజమ్మ పదకొండేళ్లు మిషన్ ముందు కూర్చుంది. జనగామ వైపు నుంచి వచ్చిన మనిషి. భర్త కొమురయ్య ఆర్టీసీ డ్రైవరు. రవికలు కుట్టే చేతికి రెగ్జిన్ ఎక్కడ లొంగుతుందని యజమాని మొదట్లో నవ్వాడు. ఆరు నెలలు తిరక్కుండానే కష్టమైన మూలలన్నీ ఆమెకే ఇవ్వసాగాడు. అయితే వచ్చేవన్నీ కొత్త కార్లు, అన్నిటికీ అదే నలుపు, అదే కొలత. చేతులు ఆడుతుండేవి గానీ ఆమె మనసుకు పనుండేది కాదు.

2011 ఆగస్టులో వెంకటరామయ్య గారు ఆ దుకాణానికి వచ్చారు. కాకినాడ వారు, ఇంజనీరుగా రిటైరై కొత్తగూడలో ఉంటున్నారు. ఆయన చూపించిన ఫోటోలో గుండ్రటి ముక్కుతో 1955 నాటి లాండ్‌మాస్టర్ కారు ఉంది. ఇంజను బాగైందట, సీట్లే ఎలుకలు కొరికేశాయట.

“అంతా పీకేసి కొత్త ఫోమ్ వేద్దాం సార్,” అన్నాడు యజమాని.

అంజమ్మ ఫోటో అందుకుని చాలాసేపు చూసింది. “పాత సీట్లు పారేసిండ్రా సార్?”

“లేదమ్మా, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లోనే ఉన్నాయి.”

“ఎవ్వరినీ ముట్టనియ్యకుండ్రి. నేనొచ్చి సూస్తా.”

మర్నాడే వెళ్లింది. దారం ఎప్పుడో తెగిపోయినా సూది గుచ్చిన బొక్కలు అలాగే ఉన్నాయి. వాటి మీద వేలు నడుపుతూ పోతే, తాను పుట్టకముందు ఎవరో కూర్చుని వేసిన కుట్టు మొత్తం ఆమెకు అర్థమైంది. ఎండ తగలని మడతలో అసలు రంగు బయటపడింది, పండిన రేగుపండు ఎరుపు. స్ప్రింగుల మీద కొబ్బరి పీచు పరిచి ఉంది.

“ఫోమ్ వద్దు సార్, పీచే పెడదాం. అప్పటోళ్లు ఎట్ల కూసున్నరో మనమూ అట్లనే కూసోవాలె.”

పని సగంలో ఉండగా సకల జనుల సమ్మె మొదలైంది. కొన్నాళ్లకు బస్సులూ ఆగాయి. కొమురయ్య డిపో ముందు టెంటులో కూర్చున్నాడు. దుకాణం మూతపడింది. అంజమ్మ మాత్రం మిగిలిన కుట్టు పని కోసం రోజూ గంటన్నర నడిచి కొత్తగూడ వెళ్లేది. ఒక రోజు ఆమె కొంగుకు ఉన్న జై తెలంగాణ బ్యాడ్జి వెంకటరామయ్య గారి కంట పడింది.

“ఏమ్మా, నువ్వూ ఆ గొడవల్లో ఉన్నావా?”

సూది ఆగింది. “గొడవంటరేంది సార్? మా రాష్ట్రం మాకు గావాలంటున్నం. మిమ్మల్ని పొమ్మంటలేం.”

“అది కాదమ్మా. బండి బయటికి తీస్తే అద్దాలు పగలగొడతారేమోనని నా భయం.”

“ఇన్ని దినాల సంది కుడుతున్న. నేనే పగలగొడ్తనా?”

ఆయన మెట్టు మీద కూర్చుండిపోయారు. “తప్పుగా అన్నానమ్మా,” అన్నారు. ఆమె రెగ్జిన్ కొసను ఆయన వైపు జరిపి, “గట్టిగ పట్టుకోండ్రి సార్,” అంది. ఆ రోజు నుంచి రోజూ ఆ కొస పట్టుకోవడం ఆయన పనైంది.

అక్టోబరులో సీట్లు పూర్తయ్యాయి. “ఇవాళ నడవొద్దు, నేనే దింపుతాను,” అంటూ ఆయన భార్య రాజరాజేశ్వరి గారిని కూడా ఎక్కించుకున్నారు. చందానగర్ చేరేసరికి రోడ్డు మధ్యలో పొయ్యిలు వెలుగుతున్నాయి. సమ్మె వాళ్ల వంటావార్పు. జనం కారును చుట్టుముట్టారు. ఆయన బండి ఆపి కిటికీ అద్దం పైకెక్కించారు.

ముందు అంజమ్మ దిగింది. ఒక ముసలావిడ వంగి లోపలికి తొంగిచూసి, “ఏం కారే ఇది! పెండ్లి పల్లకి లెక్కున్నది!” అంది. తల నెరిసిన ఒకాయన బానెట్ మీద మెల్లగా చెయ్యి వేశాడు. “నా చిన్నప్పుడు మా ఊరి దవాఖానకు డాక్టర్ సాబ్ గిసొంటి కార్లనే వస్తుండె.”

వెంకటరామయ్య గారు తలుపు తీసుకుని దిగారు. “యాభై అయిదులో ఇక్కడే రిజిస్టరైందండి. అప్పటికి ఆంధ్రప్రదేశ్ లేదు. ఇది హైదరాబాదు రాష్ట్రం బండి.”

“అయితే మాదే సార్!” అన్నారెవరో.

“మీదేనండి. తోలేది మాత్రం నేను!”

అందరూ పగలబడి నవ్వారు. కొమురయ్య ఎక్కడి నుంచో విస్తరాకులో వేడి కిచిడీ తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. రాజరాజేశ్వరి గారు ఆడవాళ్ల మధ్య కూర్చుని తిన్నారు. సీట్లు ఎవరు కుట్టారని అడిగినవాళ్లందరికీ, “ఇదిగో, ఈవిడే,” అని అంజమ్మను చూపించారు.

రాష్ట్రం రావడానికి ఇంకా దాదాపు మూడేళ్లు పట్టింది. ఈలోగా వెంకటరామయ్య గారి మాట మీద ఒక పాత ఫియట్ కారు పనికి వచ్చింది, తర్వాత ఒక హెరాల్డ్ కారు. అంజమ్మ దుకాణం మానేసి, ఇంటి దగ్గరే చిన్న మడిగె అద్దెకు తీసుకుని సొంత కొట్టు పెట్టుకుంది. వీధిలోని ఇద్దరు ఆడవాళ్లు ఆమె దగ్గర పని నేర్చుకున్నారు.

2014 చలికాలంలో హైటెక్ సిటీ దగ్గర ఒక మైదానంలో పాత కార్ల ప్రదర్శన జరిగింది. మగవాళ్లు పాతకాలపు కోట్లు, టోపీలు వేసుకొచ్చారు. రాజరాజేశ్వరి గారు అంజమ్మ కుట్టిన బుట్టచేతుల రవిక వేసుకుని, లాండ్‌మాస్టర్‌కు ఆనుకుని ఫోటోలు దిగారు. అంజమ్మ ఒక్కో కారు దగ్గరా ఆగుతూ పోతోంది.

“ఇగ పోదాం పా,” అన్నాడు కొమురయ్య.

ఆ మాట ఆమె చెవిన పడలేదు. ఆకుపచ్చ కారొకటి కనిపిస్తే దాని కిటికీ దగ్గర వంగింది. తర్వాత ఆ కారు యజమాని వైపు తిరిగి, “సార్, జర తలుపు తీస్తరా? ఈ మూల ఎట్ల తిప్పిండ్రో సమజైతలేదు,” అంది.