అమ్మ కోపానికి పోసిన మందు

మా చిన్నప్పుడు... పెన్నేరుగడ్డ, అదే అశ్వగంధ, దంచే పని నాదే. ఎండిన గడ్డను ముందు పాలల్లో ఉడికించి, మళ్లీ ఎండబెట్టి, రోట్లో వేసి మెత్తగా దంచాలి. గుర్రం చెమటలాంటి ఆ కంపు భరించలేక ముక్కు మూసుకుంటే నాయనమ్మ చేతి మీద ఒక్కటి వేసేది. "ముక్కెందుకు మూస్తవే? మీ అమ్మ తలకాయ జర చల్లబడాలె. మంచిగ దంచు" అనేది.

అమ్మ తలకాయకు ఏమైందో తెలుసా... ఏమీ కాలేదు! కోపం వచ్చింది, అంతే.

మాది సాతంరాయి. నిజాం రాజ్యం రోజులు. మా లచ్చమ్మక్కకు తొమ్మిదేళ్లకే మహేశ్వరం దిక్కు ఒక ఇంటికిచ్చి పెళ్లి చేశారు. పన్నెండేళ్లకు కాపురానికి పంపారు. మూడు నెలలు తిరగకముందే ఒక రోజు పొద్దుగూకే వేళకు అక్క ఒక్కతే నడుచుకుంటూ ఇంటికొచ్చింది... కాళ్లకు చెప్పుల్లేవు. అమ్మ అక్క రవిక ఎత్తి చూస్తే వీపు నిండా అట్లకాడ వాతలు. రొట్టె మాడ్చిందని అత్త పెట్టిందట.

ఆ పూట మొదలుపెట్టింది అమ్మ. బాపు అన్నం ముందు కూర్చున్నా అదే మాట, నాయనమ్మ దీపం పెడుతున్నా అదే మాట. "నా బిడ్డను పంప. ఏం జేస్తరో జేసుకోండ్రి!" అత్తింటివాళ్లు రెండుసార్లు మనిషిని పంపితే, వాకిట్లోనే నిలబెట్టి దులిపేసింది.

దీనికి మా ఇంట్లో పెట్టిన పేరు, తల వేడెక్కడం. వాత పెట్టిన చెయ్యి బాగానే ఉందట... ఆ వాత చూసి అరిచిన నోటికి మందు కావాలట! ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

ఊళ్లో వైద్యం చేసే ముసలాయన చెప్పాడని రోజూ నడినెత్తిన సరస్వతి ఆకు ముద్ద పెట్టేవారు. పొద్దున, సాయంత్రం పెన్నేరుగడ్డ పాలు. అమ్మ కాదనకుండా తాగేది పాపం. "తాగుత అత్తమ్మా. తాగి గూడ గదే మాటంట" అనేది. పసరు కళ్లల్లోకి కారుతుంటే కొంగుతో తుడుచుకుంటూ మళ్లీ మొదలుపెట్టేది. మందుల్ని నేను తప్పుబట్టడం లేదు. గడ్డ మంచిదే, ఆకూ మంచిదే... ఎందుకు పోస్తున్నారన్నదే నా కొట్లాట.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. ఒక పొద్దున నాయనమ్మ పాల గిన్నె ముందు పెట్టుకుని, కొంగు ముడి విప్పి నల్లమందు తీసింది. అదేమిటో నాకు తెలుసు. కూలికి పోయే తల్లులు పసిపిల్లలకు నాకించి పడుకోబెట్టడం అప్పట్లో అందరూ చూసిందే. కానీ పిల్లలకు ఆవగింజంత పెడతారు... ఆమె తీసింది శనగగింజంత. పాలల్లో వేసి వేలితో కలియదిప్పింది.

"గదేంది నాయనమ్మా?" అన్నాను.

"మీ అమ్మకు నిద్ర పడతలేదు. జర పండుకుంటది. నోర్మూసుకొని ఇచ్చి రాపో. ఎవలకన్న చెప్పినవో, నీకు గూడ పోస్త!"

నేనే ఇచ్చాను... ఈ చేతులతోనే. అమ్మ గటగటా తాగేసి, "ఇయ్యాల గింత చేదున్నయేందే బిడ్డా" అంది. నేను ఖాళీ గిన్నె తీసుకుని బయటికొచ్చేశాను.

కాసేపటికి గోడవారన ఒరిగిపోయింది. మిట్టమధ్యాహ్నం వాకిట్లో బండి కట్టారు. అక్క గుంజను కావలించుకుని వదల్లేదు. బాపు ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీశాడు. "అమ్మా, లే! నన్ను తోల్కపోతున్రే అమ్మా!" అని బండి ఊరు దాటేదాకా అరుస్తూనే ఉంది. నేను అమ్మను ఊపాను, గిల్లాను, చెంపల మీద కొట్టాను... లేవలేదు.

దీపాలు పెట్టే వేళకు లేచి, తూలుకుంటూ అక్క కోసం ఇల్లంతా వెతికింది. నాయనమ్మ ఏమన్నదో చూడండి... "నిన్ను లేపినం. పోనీ తియ్యి అన్నవు. గందుకే పంపినం." పచ్చి అబద్ధం! అమ్మ నమ్మింది. నిద్రమత్తులో తానే ఒప్పుకున్నానని నమ్మింది. ఆ తర్వాత ఆమె గొంతు ఎన్నడూ లేవలేదు. పెన్నేరుగడ్డ మంచిగ పనిచేసిందని నాయనమ్మ వాడకట్టంతా చెప్పుకుంది.

అక్క ఆ అత్తింట్లోనే బతికింది, పిల్లల్ని కన్నది. ఎప్పుడన్నా వచ్చినా అమ్మకు ఎదురుగా కూర్చునేది కాదు. "నేను గంతగనం మొత్తుకుంటే లేవని తల్లితోని నాకేంది మాట?" అనేది. అమ్మ తల వంచుకునేది. పక్కనే నేనుండేదాన్ని... నోరు విప్పలేదు. మొదట నాయనమ్మ భయం. ఆమె పోయాక సిగ్గు. గిన్నె చేతికిచ్చింది నేనే కదా!

అమ్మ పోయిన పదకొండో రోజున అక్కకు చెప్పాను.

అక్క నా భుజాలు పట్టుకుని ఊపేసింది. "గిప్పుడా జెప్పేది? అమ్మ ఉన్నప్పుడు నోరు పడిపోయిందా? పాపపుదానా!" ఇంటినిండా చుట్టాలు. ఎవరో చెంబుతో నీళ్లు తెచ్చి, "ఊకో అక్కా, ఊకో... జర శాంతంగుండు" అన్నారు. ఆ చెంబును తోసేశాను. "అననియ్యుండ్రి ఆమెను. ఇన్నేండ్లది... అననియ్యుండ్రి" అన్నాను.

ఇప్పుడు మా దిక్కు చేన్లలో విమానాలు దిగుతున్నాయి. అదే గడ్డ సీసాల్లో మాత్రలై వస్తోంది. ఒత్తిడి పోతుందట, మనసు నిమ్మళిస్తుందట. మా మనవరాలు రోజూ మింగుతుంది. మింగనీ, నేను వద్దనను. కానీ సీసా మూత తీసిన ప్రతిసారీ అడుగుతాను, "నిన్ను ఎవలేమన్నరు బిడ్డా?" అని. మా అమ్మను ఆ మాట ఒక్కరూ అడగలేదు...

మీ ఇళ్లల్లో కూడా కోపమొచ్చిన ఆడమనిషికి ఏదో ఒకటి తాగించి పడుకోబెట్టే ఉంటారు. ఎవరు కలిపారో, ఎవరు చేతికిచ్చారో గుర్తుంటే కింద రాయండి... కానీ ఆమె ఇంకా బతికుంటే, ఇక్కడ రాయడం తర్వాత. ముందు లేచి పోయి ఆమెకు చెప్పండి.