బెంగ అని రాయని ఉత్తరం

మా బామ్మర్ది ఇప్పటికీ నన్ను ‘బెంగ బావ’ అనే పిలుస్తాడు. ముప్ఫై రెండేళ్ళయింది. మొన్న ఒక పెళ్ళిలో, భోజనాల దగ్గర, మూడు వరుసల అవతలి నుంచి అలాగే అరిచాడు. నేను విస్తరి ముందు నుంచి లేచి వచ్చేశాను. లేచి వచ్చానని కూడా ఎవరూ గమనించలేదు. అది వేరే సంగతి, దాన్నీ మర్చిపోలేదు.

అసలు జరిగింది ఇది. పెళ్ళయిన మొదటి ఆషాఢంలో మా ఆవిడ నాంపల్లిలో ఉన్న పుట్టింటికి వెళ్ళింది. నా ఆఫీసు అబిడ్స్‌లో. నడిస్తే పావుగంట దూరం. కానీ ఆ నెలంతా అల్లుడు అత్తగారి గడప తొక్కకూడదని రెండు వైపుల పెద్దలూ గట్టిగా చెప్పారు. మిగతా అన్ని విషయాల్లో పేచీ పడినవాళ్ళు ఇందులో మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డారు. పన్నెండో రోజున ఆఫీసు ఎదుటి టెలిఫోన్ బూత్ నుంచి ఫోన్ చేశాను. ఆవిడ గొంతు వినగానే, “నీ మీద బెంగగా ఉంది” అన్నాను.

మా వాళ్ళు కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడినవాళ్ళు. మా ఇంట్లో పిల్లవాడికి అమ్మ కనబడకపోయినా బెంగే, తాతకి ఊరు గుర్తొచ్చినా బెంగే. అంతకన్నా మర్యాదైన మాట నాకు తెలియదు. వాళ్ళింట్లో పక్కగదిలో అదే లైనుకి ఇంకో ఫోన్ ఉందనీ తెలియదు. మధ్యలో బామ్మర్ది గొంతు దూరింది.

“బెంగ అంటే ఏంది బావా? జరమా? జర దవాఖానల చూపించుకో!”

వెనక ఇల్లంతా నవ్వింది. ఆ నవ్వుల్లో మా ఆవిడ నవ్వు కూడా ఉంది. ఫోన్ పెట్టేశాను. ఇక ఆ మాట నా నోట రాదనుకున్నాను. రానివ్వలేదు.

వేరే మాట వాడుకోవచ్చు కదా అంటారేమో. వెతకకపోలేదు. కోరిక అన్నది దేవుడి ముందు చెప్పుకునేది, భార్య ముందు అంటే ఇంకోలా వినబడుతుంది. ఆశ అంటే పక్కవాడి విస్తరి వైపు చూసినట్టుంటుంది. మోజు చీరల మీద, స్కూటర్ల మీద ఉంటుంది, కొన్నాక పోతుంది. ఒక ఆదివారం అబిడ్స్ పేవ్‌మెంట్ మీద పాత నిఘంటువు కొన్నాను. ఇంటికి తెచ్చి చూస్తే ‘వ’ అక్షరం దగ్గర పుటలు లేవు. విరహం ఉండాల్సిన చోట చిరిగిన అంచు మీద శనగపిండి మరక ఉంది. మరుసటి ఆదివారం వెళ్ళి అమ్మినతనితో గంటసేపు పోట్లాడాను. “మిగిలినవన్ని ఉన్నయి గద సార్” అన్నాడు.

మాకు పిల్లలు లేరు. ఇద్దరమే. రెండు నెలల కిందట కరీంనగర్‌లో ఆవిడ అక్క జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఒంటరి మనిషి, ఒక్క గది ఇల్లు. నేను వెళ్ళినా ఉండే చోటు లేదు. మా ఆవిడ వెళ్ళి అక్కడే ఉండిపోయింది. రోజూ ఫోన్ చేస్తుంది, అక్కకి కూడా వినబడాలని స్పీకర్ పెడుతుంది.

“ఏమన్న కావాల్నా?”

“ఏం వద్దు.”

రోజూ ఇంతే. ఫోన్ అయ్యాక ఆ రోజుకి నా మాటలు అయిపోయినట్టే. కిటికీ తీసి పెట్టుకుంటే నాంపల్లి స్టేషన్ మైకు వినబడుతుంది. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదకి వస్తుందో నాకు అనవసరం. అయినా వింటున్నాను.

ఫోన్లో రానిది కాగితం మీద వస్తుందేమోనని ఒక రోజు అబిడ్స్ పోస్టాఫీసుకి వెళ్ళి ఇన్‌ల్యాండ్ లెటర్ కొన్నాను. అక్కడే నిలబడి రాశాను. ఉద్యోగమంతా అర్జీల సెక్షన్‌లో చేసినవాణ్ణి. చెయ్యి దానంతట అదే అంకెలు వేసుకుంటూ పోయింది. ఒకటి, కుక్కర్ గాస్కెట్ ఎక్కడ పెట్టావో చెప్పలేదు. రెండు, పాలవాడు మన పాకెట్ పక్కింటి గుమ్మంలో వేస్తున్నాడు. మూడు, పెళ్ళిలో మీ తమ్ముడు చేసిన గొడవ. అలా పదకొండు వచ్చాయి. చివర రెండు వరుసల జాగా వదిలి సంతకం పెట్టాను. ఆ జాగాలో రాయాల్సిన మాట కోసం తొమ్మిది రోజులు ఉత్తరాన్ని జేబులో పెట్టుకు తిరిగాను. తర్వాత అలాగే అంటించి డబ్బాలో వేశాను.

ఉత్తరం అందిన రోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది.

“మస్తు రాసినవ్. గాస్కెట్, పాల పాకెట్, మా తమ్ముని లొల్లి. గన్ని రాసి, ఆఖరికి ఏం కావాల్నో రాయలేదేంది? ఆఫీసుల అర్జీలు గిట్లనే తీసుకుంటుంటివా?”

“స్పీకర్ తీసెయ్.”

“తీసిన. అక్క పండుకున్నది. చెప్పు.”

“ఆ రోజు మీ వాళ్ళంతా నవ్వారు. నువ్వూ నవ్వావు.”

ఏ రోజు అని అడగలేదు.

“ఔ, నవ్విన. ఇరవై ఏండ్ల పిల్లను. తప్పయిందని మర్నాడే నీకు ఉత్తరం రాసిన. నువ్వంటే నాకు మస్తు పావురం అని రాసిన. నువ్వేం జవాబు రాసినవ్, యాదికున్నదా?”

లేదు.

“ఏ రంగు పావురం, గింజలు గూడ వెయ్యాల్నా, అని రాసినవ్. మా తమ్ముడు నోటితోని నవ్విండు. నువ్వు కాయితం మీద రాసి పంపినవ్.”

మా ఇంట్లో పావురమంటే పక్షి. వాళ్ళింట్లో ప్రేమ. ఆవిడ తన మేనకోడల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ మాట అంటుంటే చాలా ఏళ్ళ తర్వాత నాకు అర్థమైంది. అందరినీ అంటుంది, నన్ను మాత్రం ఒక్కసారీ అనలేదని అప్పటి నుంచీ మనసులో పెట్టుకునే ఉన్నాను.

“నాకు గుర్తు లేదు” అన్నాను.

“నీకా?” అంది.

తర్వాత, అక్క లేచిందేమో, ఎవరు వింటున్నారో చూసుకోకుండానే అన్నాను.

“బెంగగా ఉంది. వచ్చెయ్.”

ఆవిడ నవ్వలేదు.

“గీ మాట పోయిన వారమే అంటే వస్తుంటి గద. అక్కను చూసుకునేటందుకు ఒకామె దొరికింది. రోజు నువ్వు ఏం వద్దు, ఏం వద్దు అంటుంటివి. నేనే ఉంట అని అక్కకు మాటిచ్చి ఆమెను మొన్న పంపించేసిన. ఇప్పుడు ఆమె వేరే ఇంట్ల చేరింది. డాక్టర్ ఇంక ఆరు వారాలన్నడు.”

“ఆరు వారాలా?”

“ఔ.”

అటు నుంచి అక్క పిలిచింది. “వస్తున్న” అని ఆవిడ అక్కతో అంది. నాతో ఏమైనా అంటుందేమోనని ఆగాను. ఊపిరి వినబడింది, తర్వాత ఫోన్ పెట్టేసింది. మూడు కావస్తోంది, నేనింకా భోజనం చెయ్యలేదు. వంటింట్లోకి వెళ్ళి ఒక్కడికి సరిపడా బియ్యం కడిగాను.